ఎనిమిదో లైన్‌మన్ ఎవరు?

ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ ఏటా ఏప్రిల్ చివర్లో మూడు రోజులు జరుగుతుంది. మొదటి రౌండ్ అమెరికాలో గురువారం రాత్రి, మనకి శుక్రవారం పొద్దున్న 5:30. ఆ టైంకి నేను సెమిస్టర్ పరీక్షలప్పుడు కూడా లేవను. రెండు, మూడు రౌండ్లు శనివారం తెల్లవారుజామున, అదీ కుదరదు. మిగిలేది మూడో రోజు. 4వ రౌండ్ నుంచి 7వ రౌండ్ దాకా ఆ ఒక్క రోజులోనే అయిపోతాయి. అది మనకి శనివారం రాత్రి 9:30కి మొదలవుతుంది. మెస్‌లో తినేసి రూమ్‌కి వచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే సరిగ్గా సరిపోతుంది.

అలా అందరూ చూసే మొదటి రౌండ్‌ని నేను ఒక్కసారి కూడా లైవ్‌లో చూడలేదు. ఎవరూ పట్టించుకోని చివరి రౌండ్లే చూశాను. దీన్ని మా బావ "ఇంటర్వెల్ తర్వాత సినిమాకెళ్లి టైటిల్స్ అయిపోయేదాకా కూర్చోవడం" అంటాడు. తను కాన్సాస్ సిటీ పక్కన ఉద్యోగం చేస్తాడు, కాన్సాస్ సిటీ చీఫ్స్ వీరాభిమాని. నాకు ఈ ఆట పిచ్చి అంటించింది తనే.

మా ఇద్దరికీ ఏటా ఒకటే గొడవ. చివరి రౌండ్లలో, అంటే 5, 6, 7లో, జట్టు ఎవర్ని తీసుకోవాలి? బావకి వేగంగా పరిగెత్తే రిసీవర్లు కావాలి. నాకు అఫెన్సివ్ లైన్‌మెన్ కావాలి. ఫోన్లో ఎప్పుడూ తనదే పైచేయి, ఎందుకంటే నా నెట్ కట్ అవుతుంది. అందుకే నా వాదన ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడ మధ్యలో ఎవరూ ఆపలేరు.

ముందు ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. పోస్టర్ మీద ఉండేది అతనే. అతని ముందు అయిదుగురు గోడలా నిలబడతారు. మధ్యలో సెంటర్, అతనికి రెండు పక్కలా గార్డులు, రెండు చివర్లలో టాకిల్స్. ఒక్కొక్కరు ఇంచుమించు 140 కిలోలు ఉంటారు. అవతలివాళ్లు దూసుకొస్తుంటే రెండున్నర, మూడు సెకన్లు ఆపడం వీళ్ల పని. ఆపలేకపోతే బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్ నేల మీద ఉంటాడు. దాన్ని సాక్ అంటారు. కుడిచేతి వాటం క్వార్టర్‌బ్యాక్ విసరడానికి తిరిగినప్పుడు ఎడమవైపు నుంచి వచ్చేవాడు అతనికి కనపడడు. అందుకే ఆ వైపు కాపలా కాసే లెఫ్ట్ టాకిల్‌కి అంత విలువ. ఈ అయిదుగురి పేరు మీద పరుగులు, పాయింట్లు ఏమీ రాయరు. మన వికెట్ కీపర్ లాగే, క్యాచ్ వదిలేసినప్పుడే వాళ్ల పేరు వినపడుతుంది.

ఇక డ్రాఫ్ట్. ఇది ఐపీఎల్ వేలం కాదు, డబ్బు పాట ఉండదు. 32 జట్లు, 7 రౌండ్లు. పోయిన సీజన్లో అట్టడుగున ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది, చాంపియన్ ఆఖర్న. ఎంసెట్ కౌన్సెలింగ్‌లో మనం కాలేజీని ఎంచుకుంటాం. ఇక్కడ జట్టే కుర్రాణ్ణి ఎంచుకుంటుంది, కుర్రాడికి చాయిస్ లేదు. మొత్తం 250 పైచిలుకు పేర్లు. 200 దాటాక టీవీలో యాంకర్లు కూడా వేరే కబుర్లలో పడిపోతారు. మధ్యలో కింద చిన్న అక్షరాల్లో ఒక పేరు వచ్చి వెళ్లిపోతుంది.

ఈ చివరి రౌండ్ల గురించి ఎవరిని అడిగినా ఒకటే పేరు చెబుతారు. టామ్ బ్రేడీ. 2000 డ్రాఫ్ట్‌లో 6వ రౌండ్, 199వ పిక్. తర్వాత 7 సూపర్ బౌల్స్ గెలిచాడు. కథ నిజమే. కానీ ఆ కథ వల్లే చివరి రౌండ్ అంటే లాటరీ టికెట్ అనే ఆలోచన అందరి బుర్రల్లో పడిపోయింది. తగిలితే కోట్లు, తగలకపోతే చించి పారేయడం. బావ వాదన అంతా ఇక్కడే ఉంటుంది: "ఎలాగూ తగలదు, కనీసం స్పీడున్నోణ్ణి గీకి చూద్దాం రా."

నేననేది ఇది. చివరి రౌండ్ లాటరీ టికెట్ కాదు, నారుమడి. మా తాతయ్య నారు పోసినప్పుడు ఏ మొక్క ఎంత కాస్తుందని చూడడు. పొలానికి సరిపడా నారు కన్నా కాస్త ఎక్కువే పోస్తాడు. నాట్లు వేశాక ఎక్కడైనా మొక్క చస్తే ఆ ఖాళీలో పెట్టడానికి నారు చేతిలో ఉండాలి, అంతే. అప్పటికప్పుడు ఊరంతా తిరిగితే దొరకదు. అఫెన్సివ్ లైన్ కూడా అంతే.

నేను మొదటిసారి పూర్తిగా చూసిన మ్యాచ్ 2021 ఫిబ్రవరిలో జరిగిన సూపర్ బౌల్. చీఫ్స్ వర్సెస్ టాంపా బే. అప్పుడు నేను తొమ్మిదో క్లాస్, ఆన్‌లైన్ క్లాసుల కాలం. "ప్యాట్రిక్ మహోమ్స్‌ని చూడు, మ్యాజిక్ చేస్తాడు" అని బావ నన్ను తెల్లవారుజామున లేపాడు. నాకు కనిపించింది మ్యాజిక్ కాదు. ప్రాణం చేతిలో పట్టుకుని పరిగెత్తుతున్న మనిషి. ఆ రోజు మహోమ్స్ మీద 29 సార్లు ఒత్తిడి వచ్చిందని లెక్క కట్టారు. సూపర్ బౌల్స్‌లో అప్పటికి అదే రికార్డు. ఒకసారైతే కింద పడిపోతూ, గాల్లో నేలకి సమాంతరంగా తేలుతూ బంతి విసిరాడు. అది కూడా చేతికి చిక్కలేదు. చీఫ్స్ ఒక్క టచ్‌డౌన్ కూడా చేయలేదు. స్కోరు 31-9. గెలిచింది ఎవరనుకున్నారు? 199వ పిక్ బ్రేడీ, 43 ఏళ్ల వయసులో.

మర్నాడు అందరూ బ్రేడీ గురించి రాశారు. నాకు మాత్రం ఒకటే ప్రశ్న. మహోమ్స్ ముందున్న ఆ అయిదుగురు ఎవరు?

వెతికితే తెలిసింది. అసలు లెఫ్ట్ టాకిల్ ఎరిక్ ఫిషర్. 2013 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్. సరిగ్గా రెండు వారాల ముందు సెమీఫైనల్ లాంటి మ్యాచ్‌లో మడమ దగ్గర నరం తెగిపోయింది. రైట్ టాకిల్ మిచెల్ ష్వార్జ్ అక్టోబర్‌లోనే నడుము నొప్పితో ఆగిపోయాడు. రైట్ గార్డ్ లారెంట్ దువెర్నే-టార్డిఫ్ సంగతి ఇంకా వేరు. కెనడాలో మెడిసిన్ చదువుతూ 2014లో 6వ రౌండ్‌లో, 200వ పిక్‌గా వచ్చినవాడు. డాక్టర్ పట్టా కూడా పూర్తి చేశాడు. 2020 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి, కోవిడ్ రాగానే ఆ సీజన్ వదిలేసి క్యూబెక్‌లో వృద్ధులు ఉండే సంరక్షణ కేంద్రంలో పనికి వెళ్లిపోయాడు. 3వ రౌండ్‌లో తెచ్చుకున్న కొత్త టాకిల్ లూకాస్ నియాంగ్ కూడా కోవిడ్ వల్లే ఆ ఏడాది ఆడలేదు. అలా ఒక్కొక్కరే తగ్గిపోయి, ఫైనల్ నాటికి గోడలో సగానికి పైగా మారిపోయింది.

ఇక్కడ బావ నన్ను పట్టుకుంటాడు. "మరి ఆ రోజు ఆడినోళ్లు ఎవర్రా? నీ చివరి రౌండ్ వాళ్లేగా! లెఫ్ట్ గార్డ్ 7వ రౌండ్, సెంటర్ 7వ రౌండ్, రైట్ టాకిల్‌ని అసలు ఎవరూ డ్రాఫ్టే చేయలేదు. నీ నారు అంతా ఆ రోజే ఎండిపోయింది."

నిజాయితీగా ఒప్పుకోవాలంటే ఇది గట్టి దెబ్బే. చాలా రోజులు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఒక విషయం గమనించాను. ఆ రోజు లెఫ్ట్ టాకిల్‌గా నిలబడ్డ మైక్ రెమ్మర్స్ అంతకుముందు వరకు ఆ సీజన్లో కుడివైపు ఆడినవాడు. రైట్ టాకిల్‌గా నిలబడ్డ ఆండ్రూ వైలీ అసలు గార్డ్. బయటి నుంచి చూస్తే అందరూ లావుపాటి మనుషులే, ఎక్కడ నిలబడితే ఏంటి అనిపిస్తుంది. కానీ కుడి నుంచి ఎడమకి మారితే ఏ కాలు ముందుండాలి, ఏ చెయ్యి ముందు వెళ్లాలి, బరువు ఎటు వేయాలి, అన్నీ తిరగబడతాయి. రేపటి పరీక్ష ఎడమచేత్తో రాయమన్నట్టు. అది కూడా దేశంలోకెల్లా వేగంగా దూసుకొచ్చే వాళ్ల ఎదురుగా.

అంటే ఆ రోజు చీఫ్స్‌కి తక్కువైంది మనుషులు కాదు. ఆ చోట్లకి తయారైన మనుషులు. మాకు డీబీఎంఎస్ ల్యాబ్‌లో మొదట చెప్పింది ఇదే: ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి చూడని బ్యాకప్ బ్యాకప్ కాదు, అదొక ఫైలు మాత్రమే.

దీనికి సాక్ష్యం ఆ వైలీయే. రెండేళ్ల తర్వాత, 2023 ఫిబ్రవరిలో, అదే వైలీ అదే రైట్ టాకిల్‌గా మళ్లీ సూపర్ బౌల్ ఆడాడు. ఎదురుగా ఫిలడెల్ఫియా ఈగల్స్. ఆ సీజన్లో 70 సాక్స్ చేసిన భయంకరమైన జట్టు. ఆ రోజు ఎన్ని చేశారు? సున్నా. చీఫ్స్ 38-35తో గెలిచారు. మనిషి మారలేదు, డ్రాఫ్ట్ నంబర్ మారలేదు (అసలు లేనే లేదు కదా). మారింది, ఆ చోట నిలబడి నేర్చుకున్న కాలం.

ఆ రోజు వైలీ పక్కనే రైట్ గార్డ్‌గా ఉన్నవాడు ట్రే స్మిత్. టాంపా దెబ్బ తర్వాత చీఫ్స్ లైన్ మొత్తం పీకి కొత్తగా కట్టారు. 2021 సీజన్ మొదటి మ్యాచ్‌కి ఆ ఫైనల్లో మొదలుపెట్టిన అయిదుగురిలో ఒక్కరూ మొదటి వరసలో లేరు. అందులో ఒకణ్ణి ట్రేడ్ చేసి తెచ్చారు, ఒకణ్ణి పెద్ద జీతమిచ్చి తెచ్చారు, సెంటర్ క్రీడ్ హంఫ్రీని 2వ రౌండ్‌లో తీసుకున్నారు. ట్రే స్మిత్‌ని మాత్రం 6వ రౌండ్‌లో, 226వ పిక్‌గా. కాలేజీలో ఉండగా అతని ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు కనపడ్డాయి. ఆటలో ముందు రౌండ్ల వాడే, కానీ ఆ రిపోర్టులు చూసి జట్లన్నీ వెనక్కి తగ్గాయి. వచ్చిన మొదటి ఏడాదే 17 మ్యాచ్‌లకి 17 మొదలుపెట్టాడు. 2025లో 4 ఏళ్లకి 94 మిలియన్ డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. అప్పటికి ఏ గార్డ్‌కీ ఏడాదికి అంత డబ్బు రాలేదు.

కానీ నేను ట్రే స్మిత్‌ని చూపించి "చూశారా, గెలిచాను" అనను. అలా అంటే నేను కూడా బ్రేడీ కథే చెప్పినట్టు. 6వ రౌండ్‌లో స్టార్ దొరకడం అదృష్టం. నాకు కావాల్సిన ఉదాహరణ అతను కాదు. జోర్డన్ మైలాటా.

మైలాటా సిడ్నీలో పెరిగిన కుర్రాడు, అమ్మానాన్నలు సమోవా నుంచి వచ్చినవాళ్లు. ఆడింది రగ్బీ లీగ్. 6 అడుగుల 8 అంగుళాలు. 2018 డ్రాఫ్ట్‌లో 7వ రౌండ్‌లో, 233వ పిక్‌గా ఈగల్స్ తీసుకునేనాటికి జీవితంలో ఒక్క అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడలేదు. కాలేజీ ఆట లేదు, స్కూల్ ఆట లేదు. 2018లో ఒక్క మ్యాచ్ ఆడలేదు. 2019లోనూ ఒక్కటీ ఆడలేదు, నడుము గాయాలు. ఈలోగా అదే 2019లో ఈగల్స్ మొదటి రౌండ్‌లో 22వ పిక్ పెట్టి ఆండ్రే డిలార్డ్ అనే లెఫ్ట్ టాకిల్‌ని తెచ్చుకున్నారు. మామూలుగా అయితే మైలాటా కథ అక్కడితో అయిపోవాలి.

2020లో డిలార్డ్‌కి గాయమైంది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే పడ్డారు. మైలాటా లోపలికొచ్చాడు. 2021లో ఇద్దరూ ఫిట్‌గా ఉన్నప్పుడు జట్టు ఒక పని చేసింది. మొదటి రౌండ్ వాడికి కుర్చీ తిరిగిచ్చేయలేదు. ఇద్దరికీ పోటీ పెట్టింది. మైలాటా గెలిచాడు. ఆ సెప్టెంబర్‌లోనే 64 మిలియన్ డాలర్ల ఒప్పందం. మొదటి రౌండ్ వాణ్ణి పక్కన కూర్చోబెట్టడమంటే, రెండేళ్ల కింద మేం తప్పు చేశాం అని అందరి ముందూ ఒప్పుకోవడం. ఎంతమంది ఒప్పుకుంటారు చెప్పండి?

టీవీలో ఆటగాళ్లు పేరుతో పాటు తమ కాలేజీ పేరు చెప్పుకునే ఆనవాయితీ ఉంది. మైలాటాకి కాలేజీ లేదు కదా. "జెఫ్ స్టౌట్‌లాండ్ యూనివర్సిటీ" అని చెప్పాడు. స్టౌట్‌లాండ్ అంటే 2013లో ఈగల్స్‌కి వచ్చిన లైన్ కోచ్. అది వినగానే అందరూ నవ్వుతారు, కానీ నా వాదనకి ఇదే అసలు ఆధారం. పిక్ ఒక్కటే చాలదు. ఆ పిక్‌కి రెండేళ్ల టైం కావాలి, ఒక మంచి మాస్టారు కావాలి. ఈ మూడూ కలిస్తేనే నారుమడి అవుతుంది. నారు పోసి నీళ్లు పెట్టకపోతే తప్పు విత్తనానిది కాదు.

లైన్‌మెన్‌కే ఇంత టైం ఎందుకంటే, వాళ్ల పని అసలు సరంజామా వేసుకుని ఒకళ్లనొకళ్లు గుద్దుకుంటేనే వస్తుంది. గాయాలు తగ్గించడానికి ఆటగాళ్ల సంఘంతో ఒప్పందం చేసుకుని, సీజన్ మొత్తంలో పూర్తి ప్యాడ్‌లతో చేసే ప్రాక్టీసులని 14కి పరిమితం చేశారు. ఆటగాళ్ల ఒళ్లు కాపాడటానికి అది మంచిదే. కానీ వాటిలో కూడా ఎక్కువ భాగం మొదటి వరసకే పోతుంది. రిసీవర్ ఒక్కడే గ్రౌండ్‌లో పరిగెత్తి సాధన చేసుకోవచ్చు. లైన్‌మన్ ఒక్కడే ఏం చేస్తాడు, గోడని నెడతాడా?

ఇప్పుడు బావ వేసే అసలైన ప్రశ్నకొస్తాను. ఇది నిజంగా మంచి ప్రశ్న. జట్టులో చోటు 53 మందికే. మైలాటా లాంటి వాణ్ణి రెండేళ్లు ఊరికే కూర్చోబెడితే ఒక చోటు వృథా. అదే ఆరో రిసీవర్ అయితే కిక్‌లప్పుడు పరిగెత్తి ఎవర్నో ఒకర్ని ఆపుతాడు, ప్రతి మ్యాచ్‌లో పది పదిహేనుసార్లు పనికొస్తాడు. తొమ్మిదో లైన్‌మన్ కోటు వేసుకుని నిలబడతాడు. "నువ్వు మేనేజర్ అయితే ఎవరికి జీతం ఇస్తావ్?" అంటాడు.

లెక్క చూద్దాం. 53 మందిలోనూ మ్యాచ్ రోజు జెర్సీ వేసుకునేది అందరూ కాదు. 2020 నుంచి ఒక రూలు ఉంది. మామూలుగా 47 మంది. 8 మంది అఫెన్సివ్ లైన్‌మెన్ ఉంటే మాత్రం 48 మందిని దించొచ్చు. లైన్ పలచబడితే ఏం జరుగుతుందో లీగ్‌కి కూడా తెలుసన్నమాట. ఎనిమిదో లైన్‌మన్‌ని తెచ్చుకుంటే వాడి చోటు ఇంకెవరి దగ్గరా లాక్కోనక్కర్లేదు, లీగే ఇస్తోంది. మరి ఆ ఎనిమిదోవాడు ఎక్కడి నుంచి వస్తాడు?

రిసీవర్ కావాలంటే నవంబర్‌లో కూడా దొరుకుతాడు. ఫోన్ చేస్తే రేపు విమానం ఎక్కేవాళ్లు బోలెడంతమంది ఉంటారు. కానీ 140 కిలోలుండి, పిల్లిలా పక్కకి అడుగులేయగల మనిషి ఈ భూమ్మీదే తక్కువ. ఉన్నవాణ్ణి ఏ జట్టూ వదలదు. నవంబర్‌లో ఖాళీగా దొరికాడంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. పోనీ డ్రాఫ్ట్ అయిపోయాక మిగిలినవాళ్లని తీసుకోవచ్చు కదా అంటే, అప్పుడు చాయిస్ కుర్రాడిది. అతను తనకి అవకాశం ఎక్కువున్న జట్టుకి పోతాడు. 7వ రౌండ్‌లో పిక్ వాడితే అతను మనవాడు, నాలుగేళ్ల ఒప్పందం, జీతం దాదాపు కనీస స్థాయిలో. ఆగస్టు చివర్లో అతణ్ణి జట్టులోంచి తీసేసి ప్రాక్టీస్ స్క్వాడ్‌లో దాచుకుందాం అంటే, తీసేయగానే మిగతా 31 జట్లలో ఎవరైనా ఎత్తుకుపోవచ్చు. అందుకే ఈగల్స్ మైలాటాని 53లోనే ఉంచుకున్నారు. ఆ ఖాళీ కుర్చీ వృథా కాదు, అద్దె.

ఆ అద్దె ఎందుకు కట్టాలో అదే ఈగల్స్ చరిత్రలో ఉంది. 2017 అక్టోబర్‌లో వాళ్ల లెఫ్ట్ టాకిల్ జేసన్ పీటర్స్ మోకాలు దెబ్బతిని సీజన్‌కి దూరమయ్యాడు. డిసెంబర్‌లో క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ కూడా. బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్ నిక్ ఫోల్స్ వచ్చి, 2018 ఫిబ్రవరిలో బ్రేడీ జట్టుని 41-33తో ఓడించి సూపర్ బౌల్ గెలిపించాడు. ఫోల్స్ కథ అందరికీ తెలుసు, స్టేడియం బయట విగ్రహం కూడా పెట్టారు. కానీ ఆ రోజు ఫోల్స్ ఎడమ పక్క కాపలా కాసింది ఇంకో బ్యాకప్. హలపౌలివాటి వైటై. 2016 డ్రాఫ్ట్‌లో 5వ రౌండ్, 164వ పిక్. మొదటి ఏడాది రైట్ టాకిల్ సస్పెండ్ అయితే దించారు, మొదటి మ్యాచ్‌లోనే అవతలివాళ్లు అతనితో ఆడుకున్నారు. అప్పుడే తీసేసి ఉంటే? తీసేయలేదు. ఆ ఫైనల్లో ఫోల్స్ ఒక్కసారి కూడా సాక్ అవలేదు. వైటైకి విగ్రహం లేదు. అతని పేరు సరిగ్గా పలకడం నాకూ పది రోజులు పట్టింది.

2025 జనవరిలో కూడా అదే జరిగింది. సూపర్ బౌల్‌కి ముందు మ్యాచ్‌లో ఈగల్స్ సెంటర్ క్యామ్ జర్గెన్స్ నడుము నొప్పితో మొదట ఆడలేదు. లెఫ్ట్ గార్డ్ డికర్సన్ సెంటర్‌కి జరిగాడు, అతని చోట్లోకి టైలర్ స్టీన్ వచ్చాడు. మధ్యలో డికర్సన్‌కి మోకాలి దెబ్బ తగిలితే జర్గెన్స్ నొప్పితోనే దిగాడు. ఒకే మ్యాచ్‌లో ఇన్ని మార్పులు. అయినా 55 పాయింట్లు కొట్టారు. ఎవరు ఎక్కడికి జరగాలో ముందే సాధన చేసి ఉంటే ఇలా ఉంటుంది.

రెండు వారాల తర్వాత ఫైనల్లో ఎదురుగా ఎవరు? మళ్లీ మా బావ చీఫ్స్. ఆ సీజన్లో వాళ్లకి లెఫ్ట్ టాకిల్ కుదరలేదు. 2వ రౌండ్ కుర్రాణ్ణి పెట్టి రెండు మ్యాచ్‌లకే తీసేశారు. 3వ రౌండ్ వాణ్ణి పెట్టారు. నవంబర్‌లో బయటి నుంచి ఒకణ్ణి తెచ్చారు, అతను ఒక్క మ్యాచ్‌కే గాయపడ్డాడు. చివరికి లీగ్‌లోనే మంచి గార్డుల్లో ఒకడైన జో థూనీని టాకిల్‌కి జరిపి, అతని చోట ఇంకొకణ్ణి పెట్టారు. ఒక బగ్ ఫిక్స్ చేయబోయి రెండు బగ్‌లు తెచ్చుకోవడం మనకి తెలిసిందే కదా. కొన్ని వారాలు నడిచింది. ఫైనల్లో నడవలేదు. ఈగల్స్ అదనంగా ఒక్క మనిషిని కూడా పంపకుండా, ముందున్న నలుగురితోనే మహోమ్స్‌ని 6 సార్లు పడేశారు. ఒక దశలో 34-0. చివరికి 40-22. ఆ రోజు ఈగల్స్ లెఫ్ట్ టాకిల్ 233వ పిక్ మైలాటా. బావ ఆ రోజు ఫోన్ ఎత్తలేదు.

ఇప్పుడు నా వాదనలో ఉన్న కన్నాలు కూడా చెప్పాలి. ఒకటి, 2018లో 7వ రౌండ్‌లో వచ్చినవాళ్లలో మైలాటా పేరే నాకు తెలుసు, మిగతావాళ్ల పేర్లు తెలియవు. గెలిచినవాళ్లే గుర్తుంటారు. చివరి రౌండ్లలో వచ్చేవాళ్లలో చాలామంది ఆగస్టు దాటరు, లైన్‌మెన్ కూడా. రెండు, వేరే దారులూ ఉన్నాయి. 2024 ఈగల్స్ రైట్ గార్డ్ మెకై బెక్టన్ ఇంకో జట్టు 2020లో 11వ పిక్ పెట్టి తెచ్చుకుని, చివరికి వదులుకున్న టాకిల్. ఈగల్స్ తక్కువ డబ్బుకి తెచ్చి గార్డ్‌గా మార్చుకున్నారు. అతనూ ఆ సూపర్ బౌల్ గెలిచాడు. మూడు, స్టౌట్‌లాండ్ లాంటి మాస్టారు అన్ని జట్లకీ ఉండడు.

ఒప్పుకుంటాను. అయినా నా మాట మార్చుకోను, ఎందుకంటే నేను చివరి రౌండ్ నుంచి స్టార్‌ని అడగట్లేదు. ఒక జనవరి మధ్యాహ్నం, ముగ్గురు పడిపోయాక, నలభై బంతుల పాటు క్వార్టర్‌బ్యాక్‌ని నిలబెట్టగల మనిషిని అడుగుతున్నాను. స్టార్ కోసమైతే 7వ రౌండ్ లాటరీయే. ఎనిమిదో లైన్‌మన్ కోసమైతే అది న్యాయమైన ధర. నేను మేనేజర్ అయితే మూడు పనులు చేస్తాను. ఏటా 5 నుంచి 7 రౌండ్లలో కనీసం ఒక టాకిల్‌ని తీసుకుంటాను, మొదటి వరస ఎంత బాగున్నా సరే. వాణ్ణి రెండేళ్ల లోపు తీసేయను. కుడి, ఎడమ రెండు పక్కలా ఆడటం మొదటి రోజు నుంచే నేర్పిస్తాను. లైన్ బాగున్నప్పుడే ఇది చేయాలి. విరిగాక చేస్తే మహోమ్స్ గాల్లో తేలాల్సి వస్తుంది.

ఇంకొక్క మాట. మనం ఫస్టియర్‌లో ఒకరినొకరు మొదట అడిగింది ర్యాంకు. నేనూ అడిగాను. ఆ నంబర్‌ని బట్టి ఎవరు ఏం చేయగలరో లెక్కేసుకున్నాను కూడా. ఆ లెక్కల్లో చాలా తప్పాయి, రెండు పక్కలా. డ్రాఫ్ట్ నంబర్ తప్పుడు సమాచారం కాదు, ఆ రోజుకి తెలిసిన సమాచారం. మైలాటా, డిలార్డ్‌ల విషయంలో ఈగల్స్ చేసిందల్లా 2021లో 2021 సమాచారం చూడటం. చాలా చిన్న పనిలా కనపడుతుంది. ఎవరూ చేయరు.

పోయినసారి ఇండియా వస్తూ ఏం తేవాలని బావ అడిగితే 65 నంబర్ జెర్సీ అన్నాను. అది ట్రే స్మిత్ నంబర్. తను 15 తెచ్చాడు, మహోమ్స్‌ది. "లైన్‌మెన్‌వి షాపులో పెట్టరు రా, ఎవడు కొంటాడు?" అన్నాడు.

నేను కొంటాను బావా. వచ్చే ఏప్రిల్ శనివారం రాత్రి 9:30కి ఫోన్ ఎత్తు.